మోటారు సైకిలు మార్పులు – విద్యుత్ దోషాలు : ఒక పరిశీలన

తెలుగు శాఖలో పాఠాలు చెప్పుకొనే మేము మోటారు సైకిలు వైరింగును గురించి వ్యాసం వ్రాయడమేమిటని పాఠకులకు ఆశ్చర్యం కలగవచ్చు. భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులు ఈ పనిని ఇంకా చక్కగా చేయగలరనడంలో సందేహం లేదు. అయినా మా పూర్వ విద్యార్థి ఒకరి విషయంలో మేము కళ్లారా చూచిన సంగతులు ఈనాటి విద్యార్థులకు ఉపయోగపడతాయన్న నమ్మకమే మా చేత ఈ సాహసం చేయించింది. సాయంకాలం కళాశాల ద్వారం వద్ద ఒక్క నిమిషం నిలబడి చూడండి. పొడవాటి హ్యాండిలు బారు, కోసి కురచ చేసిన సీటు, రంగురంగుల దీపాలు, మేఘగర్జన వంటి హారను, ఇట్లా ఏదో ఒక మార్పు లేని బండి అరుదుగా కనిపిస్తుంది. యౌవనానికి అలంకారం మీద మక్కువ సహజమే. కాని బండి పైరూపాన్ని మార్చినప్పుడు దాని లోపలి నరాలను కూడా మారుస్తున్నామన్న సంగతిని చాలామంది గమనించరు. ఆ నరాలే విద్యుత్ తీగలు.

ఆ రాత్రి జరిగినది

పైన చెప్పిన విద్యార్థి మా కళాశాలలో బి.కాం. చదివి, ప్రస్తుతం కర్నూలులో చిన్న ఉద్యోగం చేసుకొంటున్నాడు. అతని తండ్రిగారు 2012లో ముచ్చటపడి కొన్న 350 సి.సి. బుల్లెట్టు ఒకటి ఇంట్లో ఉన్నది. 2019లో తండ్రిగారు కాలం చేసిన తరువాత బండి కొన్నాళ్లు మూలపడింది. తండ్రి జ్ఞాపకంగా దానిని నిలుపుకోవాలన్న కోరికతో కుమారుడు దానికి కొత్త రూపం కల్పించాడు. ఫ్రేముకు నల్లని పౌడర్ కోటింగు వేయించాడు. హ్యాండిలును ఎత్తు చేయించాడు. సీటును కోయించి, బ్యాటరీని దాని క్రిందికి మార్పించాడు. పాత వైరింగును తీసివేసి కొత్తది వేయించాడు. బండి చూడముచ్చటగా తయారయింది. కష్టాలు కూడా ఆనాటి నుంచే ఆరంభమయినవి.

మొదట సెల్ఫ్ స్టార్టు పనిచేయడం మానింది. మీట నొక్కితే ‘టక్’ మన్న శబ్దం తప్ప ఇంజను తిరిగేది కాదు. బండి నెమ్మదిగా నడుస్తున్నప్పుడు దీపం మసకబారేది. నాలుగు రోజులకు ఒకసారి బ్యాటరీ చల్లబడేది. చూపించిన ప్రతిచోటా ‘బ్యాటరీ పోయింది’ అన్నారు. కొత్తది వేయించాడు. మూడు నెలలకు అదీ పోయింది. మరొకటి వేయించాడు. ‘రెగ్యులేటరు పోయింది’ అన్నారు. అదీ మార్చాడు. జీతంలో కొంత భాగం ప్రతి నెలా ఆ బండికే ధారపోయడం మొదలయింది.

2022 డిసెంబరులో ఒక రాత్రి తల్లిని వెనుక కూర్చోబెట్టుకొని నంద్యాల నుంచి కర్నూలు వస్తున్నాడు. ఓర్వకల్లు గుట్టలు సమీపిస్తుండగా చక్రం ఒక గతుకులో పడింది. అంతే! హెడ్ లైటు పూర్తిగా ఆరిపోయింది. ముందు వెనుక దీపం లేని ట్రాక్టరు ట్రాలీ ఒకటి పోతున్నదన్న సంగతి క్షణం క్రితమే అతని కంటబడింది. ఆ చీకటిలో, కేవలం గుర్తును బట్టి, బండిని రోడ్డు ప్రక్కకు దింపాడు. తల్లీకొడుకులిద్దరూ మట్టిలో పడినా ప్రాణాపాయం తప్పింది. మరునాడు తల్లిగారు, “మీ నాన్న జ్ఞాపకం ఇంట్లో ఫోటోగా ఉంటే చాలు నాయనా! ఆ బండిని తూకానికి అమ్మివేయి” అన్నారట. అమ్మే ముందు ఒక్కసారి ఎవరికైనా చూపిద్దామని అతడు మా వద్దకు వచ్చాడు. మాకు తెలిసిన వృద్ధ ఎలక్ట్రీషియను ఒకరు పాతబస్తీలో ఉన్నారు. అందరూ ఆయనను ‘ఉస్తాద్’ అని పిలుస్తారు. అతనిని వెంటబెట్టుకొని మేము అక్కడికి వెళ్లాము.

పోయేదారి, వచ్చేదారి

ఉస్తాద్ చేసిన పరీక్షను వివరించే ముందు విద్యుత్ ప్రవాహాన్ని గురించి నాలుగు మాటలు చెప్పుకోవడం అవసరం. మన ప్రాంతపువారికి కాలువ ఉపమానం సులభంగా బోధపడుతుంది. కాలువలో నీరు పారాలంటే ఎగువకూ దిగువకూ ఎత్తులో తేడా ఉండాలి. విద్యుత్తులో ఆ తేడాయే వోల్టేజి. పారే నీటి పరిమాణం వంటిది కరెంటు. దీనిని ఆంపియర్లలో కొలుస్తారు. కాలువలోని పూడిక వంటిది నిరోధం. దీనికి కొలత ఓమ్. ఈ మూడింటికీ గల సంబంధాన్ని జర్మను శాస్త్రవేత్త జార్జ్ సైమన్ ఓమ్ 1827లో ప్రకటించాడు. ఎన్ని ఆంపియర్లు పారుతున్నవో, దారిలో ఎన్ని ఓములు అడ్డుపడుతున్నవో గుణిస్తే అక్కడ ఎన్ని వోల్టులు వృథా అవుతున్నవో తెలుస్తుంది. ఇంటర్మీడియట్ చదివిన ప్రతివారికీ తెలిసిన ఈ సూత్రమే దోషాన్వేషణకు మూలం.

అయితే కాలువ ఉపమానం ఒకచోట సరిపోదు. కాలువ నీరు పొలం చేరితే చాలు, తిరిగి రానక్కరలేదు. విద్యుత్తు అట్లా కాదు. బ్యాటరీ ధన ధ్రువం నుంచి బయలుదేరి, దీపాన్ని వెలిగించి, మళ్లీ ఋణ ధ్రువానికి చేరితేనే ప్రవాహం పూర్తవుతుంది. మోటారు సైకిలులో పోయేదారి తీగల గుండా ఉంటుంది. వచ్చేదారి చాలావరకు ఇంజను, ఫ్రేము అనే లోహపు శరీరం గుండానే ఉంటుంది. దీనినే మెకానిక్కులు ‘ఎర్తు’ అంటారు. తీగ కంటికి కనిపిస్తుంది కనుక అందరూ తీగనే అనుమానిస్తారు. ఫ్రేము దారి అన్నట్లు కనిపించదు కనుక దానిని ఎవరూ పట్టించుకోరు. మార్పులు చేసిన బండ్లలో తరచుగా దోషం దాగేచోటు ఇదే.

ఉస్తాద్ పరీక్ష

ఉస్తాద్ మొదట ఏ పనిముట్టునూ చేత పట్టలేదు. “బేటా, బండి మీద చివర చెయ్యి పడిందెక్కడ?” అని అడిగాడు. కుర్రవాడు చేయించిన మార్పులన్నీ వరుసగా చెప్పాడు. ఆయన తల ఊపి మీటరు తీసి బ్యాటరీ ధ్రువాలకు ఆనించాడు. 12.1 వోల్టులు చూపింది. నిండుగా ఉన్న సీసపు బ్యాటరీ విశ్రాంతిలో 12.6 నుంచి 12.8 వోల్టుల వరకు చూపాలి. 12.2 అంటే దాదాపు సగమే ఉన్నట్లు లెక్క.

తరువాత కిక్కు కొట్టి ఇంజను నడిపించి, వేగం కొంచెం పెంచి చూశాడు. రెగ్యులేటరు వద్ద 14.2 వోల్టులు వస్తున్నది. అది సరియైన అంకెయే. కాని అదే సమయంలో బ్యాటరీ ధ్రువాల మధ్య 13.0 మాత్రమే కనిపించింది. “చూశారా సార్! వంట బాగానే అవుతున్నది. కంచంలోకి అన్నం రావడం లేదు. బ్యాటరీ చచ్చిపోలేదు, పస్తులుంటున్నది” అన్నాడాయన. ఆ మాట విన్నప్పుడు మా విద్యార్థి ముఖంలో కలిగిన మార్పును మేము మరువలేము. రెండు బ్యాటరీలూ, ఒక రెగ్యులేటరూ ఏ తప్పూ చేయకుండానే శిక్షకు గురైనవని అతనికి అప్పుడు అర్థమయింది.

మరి తేడాగా ఉన్న 1.2 వోల్టులు ఎక్కడికి పోయినవి? ఇంజను ఆపి, హెడ్ లైటు వెలిగించి, ఉస్తాద్ మీటరు ఒక కొసను బ్యాటరీ ఋణ ధ్రువానికి, రెండవ కొసను ఇంజను పెట్టెకు ఆనించాడు. ఈ రెండూ ఒకే లోహంలా కలిసి ఉండవలసినవి. అందుచేత మీటరు దాదాపు సున్న చూపాలి. అది 1.5 వోల్టులు చూపింది. హెడ్ లైటు, వెనుక దీపం కలిసి సుమారు 5 ఆంపియర్లు తీసుకొంటాయి. 1.5ను 5తో భాగిస్తే 0.3 ఓమ్ వస్తుంది. అంటే బ్యాటరీకీ ఇంజనుకూ మధ్య ఎక్కడో 0.3 ఓమ్ నిరోధం కూర్చొని ఉన్నది.

0.3 ఓమ్ అనేది ఎంత? చూపుకు చాలా స్వల్పం. ఇంతకుముందు బండిని చూచినవారు మీటరును ‘బీప్’ స్థానంలో పెట్టి పరీక్షించారట. అది బీప్ మన్నది. ఎర్తు బాగానే ఉన్నదని వారు తేల్చారు. ఆ పరీక్షలో మీటరు పంపే కరెంటు అత్యల్పం. వెంట్రుకంత దారి ఉన్నా అది బీప్ మంటుంది. కాని సెల్ఫ్ మోటారు తిరగడానికి నూరు ఆంపియర్లకు అటూఇటూగా కావాలి. 0.3 ఓమ్ అడ్డు ఉంటే, 12 వోల్టుల బ్యాటరీ తన బలమంతా చూపినా 40 ఆంపియర్లకు మించి పంపలేదు. మీట నొక్కినప్పుడు ‘టక్’ మనడమే తప్ప ఇంజను తిరగకపోవడానికి కారణం ఇదే. ఒంటరి మనిషి నడిచే కాలిబాట ఉన్నంత మాత్రాన దాని మీద లారీ పోగలదా?

ఆ తరువాత ఉస్తాద్ చేసిన పని చిన్నదే అయినా మమ్మల్ని ఆశ్చర్యపరచింది. లావైన తీగ ఒకటి తెచ్చి, బ్యాటరీ ఋణ ధ్రువం నుంచి నేరుగా ఇంజనుకు పట్టుకొని, “ఇప్పుడు నొక్కు” అన్నాడు. ఏడాదిగా మూగవోయిన సెల్ఫ్ ఒక్కసారిగా తిరిగి, బండి గర్జించింది.

దోషం ఎక్కడున్నదో తెలుసుకోవడం ఇక తేలికయింది. బ్యాటరీ ఎర్తు తీగను బిగించిన బోల్టును విప్పగా దాని క్రింద నల్లని పౌడర్ కోటింగు నిగనిగలాడుతూ కనిపించింది. పౌడర్ కోటింగు ప్లాస్టిక్ పొర వంటిది. అది విద్యుత్తుకు బంధకం. బోల్టు మరల గీసిన కొద్దిపాటి గాట్ల గుండా మాత్రమే ఇంతకాలం కరెంటు ప్రాకుతూ వచ్చింది. ఇంజనును ఫ్రేముకు పట్టి ఉంచే బోల్టుల క్రింద కూడా అదే రంగు! ఉస్తాద్ ఉప్పుకాగితంతో లోహం మెరిసేదాకా రంగును గీకి, పళ్ల వాషరు వేసి బిగించి, తుప్పు పట్టకుండా పైన వాసెలిను పూశాడు. ఇది చాలదన్నట్లు బ్యాటరీ నుంచి ఇంజనుకు నేరుగా మరొక లావు తీగను కూడా వేశాడు. మళ్లీ కొలిస్తే 1.5 వోల్టులకు బదులు 0.05 మాత్రమే చూపింది.

ఆ రాత్రి దీపం ఆరిపోవడానికి కారణం వేరు. హెడ్ లైటు డోమును విప్పితే లోపల హ్యాండిలు ఎత్తుకు తగినట్లు తీగలను పొడిగించిన అతుకులు కనిపించినవి. రెండు కొసలను వ్రేళ్లతో మెలిపెట్టి, పైన టేపు చుట్టి వదిలివేశారు. ఎండకు టేపు జిగురు కరిగిపోయింది. రాగికి పచ్చని చిలుము పట్టింది. గతుకులో పడగానే ఆ మెలిక విడిపోయింది. తల్లీకొడుకుల ప్రాణాలు ఆ రాత్రి అంగుళం పొడవు టేపు మీద ఆధారపడి ఉన్నవని తలచుకొంటే ఇప్పటికీ మా ఒళ్లు జలదరిస్తుంది.

దోషాన్వేషణ క్రమం

ఆనాడు ఉస్తాద్ వద్ద మేము నేర్చుకొన్నదానిని, తరువాత చదివి తెలుసుకొన్నదానిని కలిపి విద్యార్థుల సౌకర్యార్థం క్రమంగా పొందుపరుస్తున్నాము. దీనికి కావలసినవి ఒక డిజిటల్ మీటరు, ఒక 12 వోల్టుల బల్బుకు రెండు తీగలు కట్టి చేసుకొన్న టెస్టు ల్యాంపు మాత్రమే.

మొదటిది, బ్యాటరీ. బండి ఆపి కొన్ని గంటలైన తరువాత కొలవాలి. 12.6 వోల్టులకు తక్కువగా ఉంటే ముందు చార్జి చేయించాలి. ఆకలిగొన్న బ్యాటరీతో చేసే పరీక్షలన్నీ తప్పుదారి పట్టిస్తాయి.

రెండవది, చార్జింగు. ఇంజను వేగం కొంచెం పెంచినప్పుడు బ్యాటరీ ధ్రువాల వద్ద 13.8 నుంచి 14.5 వరకు ఉండాలి. తక్కువగా ఉంటే రెగ్యులేటరు వద్ద కూడా కొలిచి రెండింటినీ పోల్చాలి. అక్కడ సరిగా ఉండి ఇక్కడ లేకుంటే దోషం దారిలో ఉన్నట్లు. రెండుచోట్లా లేకుంటే అప్పుడు రెగ్యులేటరునో, ఇంజను లోపలి కాయిలునో అనుమానించాలి. 15 వోల్టులు దాటితే రెగ్యులేటరు అదుపు తప్పినట్లే. అది బల్బులను మాడ్చి, బ్యాటరీని ఉడికిస్తుంది.

మూడవది, దారిలోని నష్టం. దీపం వెలుగుతుండగానే కొలవాలన్నది ముఖ్యం. బ్యాటరీ ఋణ ధ్రువం నుంచి దీపపు ఎర్తు వరకు ఒకసారి, ధన ధ్రువం నుంచి దీపపు తీగ వరకు ఒకసారి చూడాలి. ఒక్కొక్కవైపు అర వోల్టు దాటితే ఆ దారిలోని అతుకులు, కప్లర్లు, స్విచ్చి ఒక్కొక్కటిగా పరీక్షించాలి. నష్టం కొంచెమే కదా అని ఉపేక్షించరాదు. వోల్టేజి నూటికి 10 తగ్గితే ఫిలమెంటు బల్బు వెలుగు నూటికి సుమారు 30 తగ్గిపోతుంది.

నాలుగవది, ఫ్యూజు. మాటిమాటికీ ఫ్యూజు పోతుంటే దానికి బదులు లావు తీగ చుట్టడం ఇంటికి నిప్పుపెట్టుకోవడం వంటిది. ఫ్యూజు స్థానంలో టెస్టు ల్యాంపును కలపండి. షార్టు ఉంటే అది బాగా వెలుగుతుంది. ఇప్పుడు హ్యాండిలును అటూఇటూ త్రిప్పుతూ, తీగల కట్టను అక్కడక్కడ కదిలిస్తూ పోవాలి. ఎక్కడ కదిలించినప్పుడు దీపం మినుకుమంటుందో అక్కడే తీగ ఒరసుకుపోయి ఇనుముకు తగులుతున్నది. హ్యాండిలు తిరిగే మెడ దగ్గరా, సీటు క్రిందా ఇది ఎక్కువ.

ఐదవది, నిలిపి ఉన్నప్పుడు జరిగే దొంగతనం. తాళం తీసిన తరువాత కూడా అలారం, ఫోను చార్జరు వంటివి కొంత కరెంటు త్రాగుతుంటాయి. బ్యాటరీ ఋణ తీగను విప్పి మీటరును మధ్యలో కలిపితే ఆ లెక్క తెలుస్తుంది. మీటరు కలిపి ఉన్నంతసేపూ తాళం తిప్పరాదు, సెల్ఫ్ నొక్కరాదు. 50 మిల్లీ ఆంపియర్ల చొప్పున ఎడతెగక పోతే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు ఖర్చయినట్లు. అందం కోసం పెట్టిన 5 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీ నాలుగు రోజులకే ఖాళీ అవుతుంది.

దోషం కానిదానిని దోషమనుకొనే సందర్భం కూడా ఒకటున్నది. ఇండికేటర్లకు ఎల్.ఇ.డి. దీపాలు పెట్టగానే అవి మిణకడం మానివేయవచ్చు, లేక విపరీతమైన వేగంతో మిణకవచ్చు. పాత ఫ్లాషరు 10 వాట్ల బల్బులు రెండింటి కరెంటుకు తగినట్లు తయారయింది. ఎల్.ఇ.డి. తీసుకొనే కరెంటు అందులో చాలా స్వల్పభాగం. తీగలను కోయనక్కరలేదు. ఎల్.ఇ.డి.కి తగిన ఫ్లాషరు వేస్తే సరిపోతుంది.

మార్పు చేయదలచినవారికి

సంసారానికి వలెనే బండికి కూడా ఆదాయ వ్యయాల పట్టిక ఉంటుంది. ఇంజను తయారుచేసే విద్యుత్తు ఆదాయం, దీపాలూ హారనూ ఇగ్నిషనూ వ్యయం. 55 వాట్ల అదనపు దీపాలు రెండు పెడితే 110 వాట్లు, అంటే 9 ఆంపియర్లకు పైగా కొత్త ఖర్చు. 2017 ఏప్రిల్ నుంచి తయారయిన ద్విచక్ర వాహనాలలో ఇంజను నడుస్తున్నంతసేపూ హెడ్ లైటు వెలుగుతూనే ఉంటుంది కనుక ఆ ఖర్చు ముందే ఉన్నదని మరువరాదు. పెద్ద హారనునైనా, అదనపు దీపాన్నైనా హ్యాండిలు మీది చిన్న స్విచ్చి గుండా నడపక, ప్రత్యేక ఫ్యూజుతో, రిలే ద్వారా బ్యాటరీ నుంచి నేరుగా ఇవ్వాలి. రిలేపై ఉండే 30 అంకె బ్యాటరీకి, 87 దీపానికి, 85, 86 స్విచ్చికీ ఎర్తుకూ చెందినవి.

తీగలను అతికేటప్పుడు మెలిపెట్టి టేపు చుట్టే పద్ధతిని మానాలి. సరియైన పరికరంతో లగ్గును నొక్కి, పైన వేడికి బిగుసుకొనే స్లీవు తొడగాలి. పని మొదలుపెట్టేటప్పుడు బ్యాటరీ ఋణ తీగను ముందు విప్పాలి, చివర బిగించాలి. ఫ్యూయల్ ఇంజెక్షను, ఎ.బి.ఎస్. ఉన్న బండ్లలో ఆ వ్యవస్థల తీగలను సూదితో గుచ్చడం, టెస్టు ల్యాంపుతో తాకడం తగదు. ఇక చట్టం సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్ణయించిన వాటికి భిన్నమయ్యే విధంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ నియమాన్ని గట్టిగా నిలబెట్టింది. కనుక చెయ్యి వేసే ముందే విచారించుకోవడం మంచిది.

తాళపత్ర ప్రతులను పరిష్కరించే పండితులకు ‘లేఖక ప్రమాదం’ అన్న మాట సుపరిచితం. పద్యం ఎక్కడో తడబడుతుంటే కవిని నిందించక, ప్రతి వ్రాసినవాని చెయ్యి ఎక్కడ జారిందో వెదకుతారు. ఉస్తాద్ అడిగిన మొదటి ప్రశ్న కూడా సరిగా అదే. బండిని తయారుచేసినవారి తప్పు కాదు, బ్యాటరీ తప్పు కాదు. తరువాత పడిన చెయ్యి ఒకచోట రంగును గీకడం మరచింది, మరొకచోట అతుకును బిగించడం మరచింది. కొలవకుండా నిర్ణయించినవారు దానికి మూడింతల ఖర్చును చేర్చారు.

ఆనాడు ఉస్తాద్ తీసుకొన్న కూలి కొత్త బ్యాటరీ వెలలో పదవ వంతు కూడా లేదు. బండిని అమ్మలేదు. మొన్న రంజాను పండుగనాడు మా విద్యార్థి తల్లిగారిని అదే బండి మీద మా ఇంటికి తీసుకొని వచ్చాడు. ఆమె దిగుతూనే, “మీ ఉస్తాద్ ఒక మీటరు కొనిపించాడు సార్. ఊరు దాటే ముందు వీడు కొలిచి నాకు అంకె చెప్పాలి. అప్పుడే ఎక్కుతాను” అన్నారు. ఆ రోజు అంకె 12.7 అట.